దాచిన ధనము వారసులకు దక్కు మార్గము

గృహస్థుడు ధనార్జనకై పడు శ్రమలో పదవ వంతైనను, ఆ ధనము తన తదనంతరము కుటుంబమునకు చేరుటకై పడడు. దాచిన సొమ్ము ఎచ్చట నున్నదో ఇంటివారెరుగనిచో అది దాచియు దాచనట్లే. కావున ఈ మూడు విషయములు తెలిసికొనదగినవి.

మొదటిది, ఆస్తుల పట్టిక. బ్యాంకు ఖాతాలు, పోస్టాఫీసు పొదుపులు, బీమా పాలసీలు, పట్టాలు, ఇచ్చిన అప్పులు, తీర్చవలసిన అప్పులు ఒక పుస్తకమున వ్రాసి, అది ఉన్నచోటు భార్యకును, ఎదిగిన బిడ్డలకును చెప్పవలెను. పదేండ్లు కదలికలేని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిధికి పంపును. వారసులు పిమ్మటనైనను బ్యాంకు ద్వారా కోరవచ్చును. కాని ఖాతా ఉన్నదనియే ఎరుగనివారు ఏమని కోరుదురు?

రెండవది, నామినేషను. బ్యాంకులో నామినీ యనగా సొమ్ము అందుకొనువాడే గాని, హక్కుదారు కానక్కరలేదు. షేర్ల విషయమునను సుప్రీంకోర్టు 2023లో ఇట్లే తీర్పు చెప్పినది. జీవితబీమాలో మాత్రము, 2015 సవరణ ననుసరించి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో సొమ్ము సామాన్యముగా వారికే చెందును. వివాహమునకు పూర్వము తమ్ముని పేరు వ్రాసి, పిదప మార్చుట మరచిన వాని సంగతి యోచింపుడు. బ్యాంకు ఆ సొమ్మును తమ్మునికే ఇచ్చును. భార్యాబిడ్డలు తమ హక్కుకై అతనిని ప్రాధేయపడవలెను, లేదా కోర్టు కెక్కవలెను. వివాహము, సంతానము, మరణము సంభవించినప్పుడెల్ల నామినేషనును సరిచూచుకొనవలెను.

మూడవది, వీలునామా. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీరశైవులను, లింగాయతులను పేర్కొని మరీ తన పరిధిలో చేర్చినది. వీలునామా లేక పురుషుడు మరణించినచో, అతని స్వార్జితమున తల్లి, భార్య, కుమారులు, కుమార్తెలు సమభాగులు. వేరు విధముగా పంచదలచినవారు, లేక వివాదము రాకుండ ఏది ఎవరిదో స్పష్టపరుపదలచినవారు వీలునామా వ్రాయవలెను. దీనికి స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, వారిచేతను సంతకములు చేయింపవలెను. ఆస్తి పొందువారు సాక్షులు కాకుండుట మేలు. జీవించియుండగా ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును.

వీలునామా వ్రాయుట మృత్యువును పిలుచుటయని కొందరు జంకుదురు. పంటకు ముందే గాదె సిద్ధపరచువానిని ఎవరును అట్లనరు గదా! ఈ వారములోనే ఇంటి కాగితములు ముందుంచుకొని, భార్యాభర్తలిరువురును కలిసి ఆ పట్టికను వ్రాయ మొదలిడుదురు గాక.