ఊరు విడిచిన బిడ్డలకు చదువు: పంచాయతి బాధ్యత

పంచాయతి సభ్యులారా,

ఏడాది క్రిందట లేని గుడిసెలు పదియో పదునైదో నేడు మీ గ్రామపు పొలిమేరలో కనబడుచుండవచ్చును. ఆ కుటుంబములు ఏదో జలాశయపు ముంపునుండి గాని, ఏదో కల్లోలమునుండి గాని తరలివచ్చినవై యుండును. వారికి నీటి కుళాయి ఎక్కడ వేయవలయును, వీధి దీపము ఎక్కడ నిలుపవలయును అని మీ సమావేశమున చర్చ జరిగియుండును. కాని ఆ ఇండ్లలో బడియీడు బిడ్డలు ఎందరు, వారిలో బడికి పోవువారు ఎందరు అను లెక్క మీ వద్ద కలదా? ఈ నెల పాఠము ఆ లెక్కను గూర్చినది.

ఇల్లు పోయినచో పరిహారము కలదు. పొలము పోయినచో దానికి వెల కట్టుదురు. బిడ్డ చదువులో పోయిన రెండేండ్లకు వెల కట్టు కచేరీ ఎక్కడను లేదు. పదియేండ్ల బాలుడు రెండేండ్లు బడికి దూరమైనచో, మరల చిన్న పిల్లల నడుమ కూర్చుండుటకు సిగ్గుపడును. పలక విడిచిన చేయి పారపట్టుట కెంతో కాలము పట్టదు. అంతటితో ఆ రెండేండ్ల నష్టము జీవితాంతపు నష్టమగును. దీనిని నివారింపగల మొదటి సంస్థ గ్రామ పంచాయతియే.

నీలోఖేరి నేర్పిన పాఠము

ఈ విషయమున మన దేశమునకు గొప్ప అనుభవము కలదు. 1947లో దేశ విభజన జరిగినప్పుడు కోటికి పైగా ప్రజలు తమ ఊళ్లు విడిచి సరిహద్దు దాటవలసివచ్చెను. అట్లు వచ్చిన కాందిశీకుల కొరకు కురుక్షేత్రమున వెలసిన శిబిరములో ఒక దశలో సుమారు 3 లక్షల మంది తల దాచుకొనిరి. గుడారములు, ఉచిత భోజనము, కంబళ్లు ప్రభుత్వము సమకూర్చెను. కాని యువకులు దినమెల్ల పనిలేక గుడారముల ముందు కూర్చుండిరి.

ఆ శిబిరమును చూచిన వారిలో సురేంద్ర కుమార్ డే అను ఇంజనీరు ఒకరు. వీరు నేటి బంగ్లాదేశములోని సిల్హెటు ప్రాంతమున జన్మించినవారు. దానము ప్రాణమును నిలుపును గాని మనిషిని నిలుపజాలదని, ప్రతివానికిని ఒక పని నేర్పి ఆ పనికి తగిన ప్రతిఫలము దక్కునట్లు చేయవలయునని వీరి నిశ్చయము. శిబిరమున యువకులకు వృత్తి శిక్షణ కేంద్రము నడచుచుండెను. 1948లో ఆ కేంద్రము కర్నాలునకు కురుక్షేత్రమునకు నడుమ, రైలు దారి ప్రక్కనున్న నీలోఖేరికి మారెను. అది ఆనాడు చిత్తడి నేల. కాందిశీకులే ఆ నేలను బాగుచేసి, రోడ్లు వేసి, ఇండ్లు కట్టుకొనిరి. సుమారు 7,000 మందికి అక్కడ ఆశ్రయము లభించెను. యంత్రశాల, ముద్రణాలయము, తోళ్ల పరిశ్రమ, పాడి, కోళ్ల పెంపకము సహకార పద్ధతిని నెలకొనెను. చదువు ఒక చోట, పని వేరొక చోట కాక, పనిచేయుచు నేర్చుకొను విధానము అక్కడ అమలు జరిగెను. ఆ ప్రయత్నమునకు 'మజ్దూర్ మంజిల్', అనగా శ్రామికుల గమ్యస్థానము అని పేరు పెట్టిరి.

సభ్యులు గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. నీలోఖేరి అనుభవము 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకమునకు మార్గదర్శకములైన వానిలో ఒకటి. డే గారు ఆ పథకమునకు సారథ్యము వహించి, 1956లో కేంద్రమున సమాజ వికాస శాఖకు మంత్రియైరి. ఆ పథకపు లోటుపాట్లను పరిశీలించిన బల్వంత్‌రాయ్ మెహతా సంఘపు సిఫారసులపై 1959లో రాజస్థానమునను, వెనువెంటనే ఆంధ్రప్రదేశమునను పంచాయతిరాజ్ వ్యవస్థ నెలకొనెను. అనగా నేడు మీరు కూర్చున్న పంచాయతి పీఠమునకు కాందిశీకుల శిబిరముతో ఒక విధమైన చుట్టరికము కలదు. ఊరు కోల్పోయిన వారికి పని, చదువు కల్పింపబోయి దేశము గ్రామాభివృద్ధి మార్గమును కొంత నేర్చుకొన్నది.

ఆ కాలముననే పంజాబు విశ్వవిద్యాలయము ఢిల్లీలో 'క్యాంపు కాలేజి' అను పేర కాందిశీక విద్యార్థులకు సాయంకాలపు తరగతులు నడిపెను. పగలు పనిచేసి కుటుంబమును పోషించుకొను యువకుడు సాయంత్రము కళాశాలకు పోగలిగెను. విద్యార్థి వేళకు విద్యాసంస్థ తన వేళను మార్చుకొనుటయే ఇందలి నీతి.

మన తెలుగునాట

కాందిశీకుల కష్టము మన తెలుగువారికి క్రొత్త కాదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము, గోదావరి ప్రాంతములనుండి బ్రతుకుతెరువుకై రంగూనునకు పోయిన వారెందరో 1942లో జపాను దాడితో బర్మా విడిచి పారిపోయి వచ్చిరి. వారిలో అనేకులు అడవి దారుల కాలినడకను వచ్చినవారు. 1960లలో బర్మా ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేసినప్పుడు మరల అనేక కుటుంబములు తరలివచ్చినవి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట పేరు నేటికిని ఆ కథను జ్ఞప్తికి తెచ్చుచున్నది.

తరువాత నదులపై ఆనకట్టలు వచ్చినవి. శ్రీశైలము జలాశయము నిండుటకు ముందు, 1981లో, కర్నూలు, మహబూబునగరు జిల్లాలలోని సుమారు నూరు గ్రామములను ఖాళీ చేయించిరి. నిర్వాసిత కుటుంబములకు ఉద్యోగావకాశము కల్పించుచు 1986లో ప్రభుత్వము 98వ నంబరు ఉత్తరువు వెలువరించెను. ఆ ఉత్తరువు క్రింద ఉద్యోగమునకై ఎదురుచూచుచు యౌవనము గడచిపోయినవారు ఆ ప్రాంతమున కలరు. ఉద్యోగపు మాట ఒక్కటియే చాలదని, ఆ మాట నెరవేరువరకు చేతిలో చదువో, పనితనమో ఉండవలయునని వారి జీవితములు చెప్పుచున్నవి. ఇటీవలి కాలమున పోలవరము ముంపు గ్రామముల కుటుంబములు పునరావాస కాలనీలకు చేరినవి.

2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతమున చెలరేగిన హింసకు భయపడి గుత్తికోయ కుటుంబములు అనేకము గోదావరి దాటి ఖమ్మము, వరంగల్లు జిల్లాల అడవులలో గుడిసెలు వేసికొన్నవి. ఆ బిడ్డల ఇంటి భాష కోయ. బడి భాష తెలుగు. జనన ధ్రువపత్రము లేదు, పాత బడి కాగితము లేదు. ఇట్టి బిడ్డ బడి గడప దాటవలెనన్న పెద్దల చేయూత తప్పనిసరి.

చట్టము చెప్పుచున్నది

బడి గడప వద్ద బిడ్డను ఆపు మాటలు ప్రధానముగా నాలుగు: 'టి.సి. ఏది?', 'వయస్సునకు రుజువు ఏది?', 'ఏడాది సగము గడచినది కదా', 'వీనికి అక్షరములు రావు, ఒకటవ తరగతిలో కూర్చుండవలసినదే.' 2009 నాటి విద్యాహక్కు చట్టము, ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బిడ్డల విషయమున, ఈ నాలుగింటికిని సమాధానము చెప్పినది.

టి.సి. ఆలస్యమైనదను కారణమున ప్రవేశమును ఆపరాదని 5వ సెక్షను చెప్పుచున్నది. వయస్సు రుజువు లేదని నిరాకరింపరాదని 14వ సెక్షను, గడువు దాటి వచ్చినాడని నిరాకరింపరాదని 15వ సెక్షను చెప్పుచున్నవి. బడికి ఎన్నడును పోని బిడ్డను, లేదా చదువు నడుమ మానిన బిడ్డను, వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొని, తోడివారితో సమానముగా నిలుచుటకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలయునని 4వ సెక్షను విధించుచున్నది. అట్లు చేరిన బిడ్డకు పదునాలుగేండ్లు దాటినను ప్రాథమిక విద్య ముగియువరకు ఉచిత విద్య కలదు. వలస కుటుంబముల బిడ్డలను బడిలో చేర్చుట స్థానిక సంస్థల విధియని 9వ సెక్షను స్పష్టపరచినది. కనుక ఇది దయతో చేయు ఉపకారము కాదు. చట్టము అప్పగించిన కర్తవ్యము.

భూసేకరణకు సంబంధించిన 2013 నాటి చట్టమునందును యువజనులకు ముఖ్యమైన అంశమొకటి కలదు. ఆ చట్టము ప్రకారము వయోజనుడైన కుమారుడు గాని, కుమార్తె గాని, పెండ్లి కాకున్నను, వేరొక కుటుంబముగా లెక్కింపబడుదురు. వయస్సు రుజువు పరచుటకు బడి రికార్డు చాల సందర్భములలో ఆధారమగును. బడి మాన్పించిన తండ్రి బిడ్డ చదువునే కాక, ఆ బిడ్డ హక్కును నిలుపగల కాగితమును గూడ పోగొట్టుచున్నాడు.

పంచాయతి చేయవలసిన పనులు

మొదటిది, లెక్క. క్రొత్తగా వచ్చిన ప్రతి కుటుంబమునకు సభ్యుడొకరు స్వయముగా పోయి, అంగన్‌వాడీ కార్యకర్తను తోడుకొని, బిడ్డల పేర్లు, వయస్సులు, చదివిన తరగతి వ్రాసికొనవలయును. ఉదయము పనికి పోవు కుటుంబములు కనుక సాయంకాలము పోవుట మేలు.

రెండవది, ప్రవేశము. ఆ జాబితాతో ప్రధానోపాధ్యాయుని కలిసి బిడ్డలను చేర్పింపవలయును. చిక్కు వచ్చినచో మండల విద్యాశాఖాధికారికి వ్రాతమూలకముగా తెలుపవలయును. కుల ధ్రువపత్రము, ఆధారు కార్డు వంటివి తరువాత సంపాదించుకొనవచ్చును. వాని కొరకు బిడ్డను ఇంట కూర్చుండబెట్టరాదు.

మూడవది, భాష. బిడ్డ ఇంటి భాష వేరైనచో ఆ భాష తెలిసిన యువకుడో యువతియో గ్రామమున ఉన్నారేమో వెదకి, మొదటి నెలలలో ఉపాధ్యాయునికి తోడు కల్పించినచో ఎంతయో మేలగును. మాట అర్థము కాని బిడ్డ మూగివలె కూర్చుండును. చూచువారు మందబుద్ధి యని తలంతురు. ఇది పెద్ద పొరపాటు.

నాలుగవది, పెద్ద బిడ్డలు. పదునాలుగేండ్లు నిండి చదువు మానిన వారికి సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయు అవకాశము రెండు తెలుగు రాష్ట్రములలోను కలదు. బడి మానిన బాలికలకు వసతితో కూడిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు కలవు. ఊరు మారిన కుటుంబమున తమ్ముని చూచుకొనుటకు మొదట బడి మానునది ఆడబిడ్డయే గనుక, ఆమె పేరును జాబితాలో మొదట వ్రాయుడు. పదవ తరగతి ముగిసిన వారికి ఐ.టి.ఐ.లో విద్యుత్తు పని, ఫిట్టరు పని, వెల్డింగు నేర్చుకొను వీలు కలదు. దరఖాస్తు గడువులు పంచాయతి పలకపై వ్రాయించి, చదువనేరని తల్లిదండ్రులకు నోటితో చెప్పవలయును.

ఐదవది, గౌరవము. పాఠశాల యాజమాన్య సంఘములో క్రొత్తవారి తల్లి గాని తండ్రి గాని ఒకరికి చోటు కల్పింపుడు. 'పైనుండి వచ్చినవారు' అను మాట బడిలో వినబడరాదు. మన ఊరి పిల్లలకు ఆ మాట నేర్పువారు పెద్దలే, మాన్పవలసినవారును పెద్దలే.

'మన పిల్లలకే ఉపాధ్యాయులు చాలకుండ, వచ్చినవారి మాట ఎందుకు?' అని సభలో ఒకరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానమును లెక్కలోనే చూపవచ్చును. బడిలో పిల్లల సంఖ్యను బట్టియే ఉపాధ్యాయుల సంఖ్య నిర్ణయమగును. వచ్చిన బిడ్డల పేర్లు హాజరు పట్టికలో ఎక్కినచో ఉపాధ్యాయుని కోరుటకు మనకు ఆధారము దొరకును. ఎక్కనిచో ఆ ఆధారమును లేదు, ఆ బిడ్డలకు చదువును లేదు.

నీలోఖేరి చిత్తడి నేల నేడు పట్టణము. అక్కడ పాలిటెక్నిక్కు కలదు. పంచాయతి సభ్యులకు శిక్షణ ఇచ్చు సంస్థయు కలదు. గుడారమున పనిలేక కూర్చుండిన యువకుల చేతికి పనిముట్టు అందించుటతో అక్కడ పని మొదలైనది. మీ గ్రామమున అది ఒక జాబితా వ్రాయుటతో మొదలు కావచ్చును.

చర్చకు ప్రశ్నలు

1. గడచిన మూడేండ్లలో మన గ్రామమునకు తరలివచ్చిన కుటుంబములు ఎన్ని? వాటిలో బడియీడు బిడ్డలు ఎందరు?

2. వారిలో బడికి రానివారు ఎవరు? ఒక్కొక్కరి విషయమున అడ్డు ఏమి: కాగితమా, భాషయా, కూలియా, దూరమా?

3. పదునాలుగేండ్లు దాటి చదువు మానిన యువజనులకు సార్వత్రిక పాఠశాలను గూర్చి చెప్పు బాధ్యత ఏ సభ్యుడు వహించును? ఏ తేదీలోపల?

4. వచ్చే సమావేశమున ఈ జాబితా చదివి వినిపించుటకు తీర్మానము చేసితిమా?