పచ్చికర్ర తెడ్డు

మన దిబ్బూరహళ్ళి ఇండ్లలో తెడ్డు లేనిదే రాగి సంగటి లేదు. దానిని మనమే చెక్కుకొనవచ్చును. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో నర్ది, బిక్కి, కలివి కర్రలతో చెంచాలు, గరిటెలు చెక్కుదురు. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

మనకు మామిడికొమ్మ చాలును. గన్నేరు విషవృక్షము, దానిని ముట్టరాదు. పచ్చికర్రలో నీరుండుటచే అది కత్తికి సులువుగా లొంగును. కొమ్మను నిలువునా చీల్చి, నడిమి బెండును తీసివేయవలెను. లేనిచో ఎండునపుడు పగులును. పీచు సాగిన దారినే చెక్కవలెను. కత్తిమొన వైపు రెండవ చేయి ఉండరాదు.

మేము చెక్కిన మొదటి తెడ్డును తొందరపడి ఎండలో పెట్టితిమి, సాయంకాలమునకే చీలినది. రెండవదానిని నీడలో మెల్లగా ఆరనిచ్చితిమి. నేడు దానితోనే అమ్మ సంగటి కెలుకుచున్నది.