వైద్యునికి ఏమి చెప్పవలెను?

కొందరు బిడ్డలు ఒకచోట నిలకడగా కూర్చుండలేరు. మొదలుపెట్టిన పనిని ముగింపరు. పుస్తకములు తరచుగా పోగొట్టుకొందురు. మరికొందరు, ముఖ్యముగా ఆడపిల్లలు, అల్లరి చేయకయే పరధ్యానముగా నుందురు. ఇట్టివారిని సోమరులనియు, పెంకెవారనియు దండించుట పరిపాటి. కాని వీరిలో కొందరికి అవధానలోపము, అతిచలనము అను రుగ్మత ఉండవచ్చును. దీనినే వైద్యులు ఏ.డి.హెచ్.డి. అందురు. ఇది బిడ్డ చేసిన తప్పు గాదు; తల్లి పెంపకపు లోపమును గాదు.

దీనిని నిర్ణయించుటకు రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. క్రొత్తవారి యెదుట బిడ్డ కొంతసేపు నెమ్మదిగా కూర్చుండవచ్చును. కావున మీరు చెప్పు వివరములే వైద్యునికి ముఖ్యాధారము.

“మావాడు మహా అల్లరివాడండీ” అన్నచో వైద్యునికి తెలియునది స్వల్పము. “అరగంటలో కావలసిన లెక్కలకు రెండు గంటలు పడుతున్నది, ఈ నెలలో మూడుసార్లు బండ్లు చూడకుండా రోడ్డు దాటినాడు” అన్నచో విషయము స్పష్టమగును.

వైద్యుని చూడబోవుటకు ముందు ఈ సంగతులు కాగితముపై వ్రాసికొనుడు:

1. లక్షణములు ఏ వయస్సున కనిపించినవి? 12 ఏండ్లకు లోపుననేనా? 6 నెలలకు పైగా నిలిచియున్నవా?

2. ఇంటిలోనే కలవా, బడిలో కూడ కలవా? ఒక్కచోటనే యున్నచో కారణము వేరు కావచ్చును. ఉపాధ్యాయునిచే నాలుగు మాటలు వ్రాయించి తీసికొనిపొండు.

3. నిద్ర, చూపు, వినికిడి ఎట్లున్నవి? వీనిలోని లోపములును అవధానమును చెరచును.

4. బిడ్డకు గాని, కుటుంబములో మరెవరికైన గాని గుండెజబ్బు కలదా? మందు నిర్ణయించుటకు ఇది తెలియవలెను.

ఇంటిలోని కలతలను, బిడ్డను కొట్టిన సంగతిని, ఇతర మందులు వాడిన సంగతిని సిగ్గుపడి దాచకుడు. బిడ్డలోని మంచి గుణములను కూడ చెప్పుడు. బిడ్డను సైతము మాటలాడనిండు.

మందు వ్రాసినచో దాని ప్రయోజనమేమో, ఇబ్బందులేమో అడుగుడు. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు ఆకలిని, నిద్రను తగ్గింపవచ్చును. కావున ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు అప్పుడప్పుడు చూపించుకొనవలెను. మీ యంతట మీరు మోతాదు మార్పరాదు.

ఎక్కడికి పోవలెనో తెలియనివారు 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు.

అర్థము కానిదానిని మరల అడుగుట అమర్యాద గాదు. మీరు దాచిన మాటవలన గాని, అడుగని ప్రశ్నవలన గాని కలుగు నష్టము బిడ్డకే.