కంటికి కానరాని గ్యాసును కాంతితో కనుగొనుట

గోదావరి జిల్లాలలో, ముఖ్యముగా కోనసీమలో, మన చేల క్రిందను తోటల క్రిందను గ్యాసు గొట్టములు పోవుచున్నవి. ఇట్టి గొట్టముల వెంబడి ఒక మనిషి టార్చిలైటువంటి యంత్రమును చేతబట్టి, గట్టులకును చెట్లకును గోడలకును గురిపెట్టుచు నడచుట సభ్యులలో కొందఱు చూచియుండవచ్చును. “అయ్యా, అతడు మా పొలమును కొలుచుచున్నాడా?” యని ఒక రైతు నన్నడిగెను. అతడు పొలమును కొలుచుట లేదు. గొట్టమునుండి కారు గ్యాసును దూరమునుండియే వెదకుచున్నాడు. ఆ యంత్రమెట్లు పనిచేయునో, అది చేయలేనిదేమో, మనము చేయవలసినదేమో ఈ పాఠమున తెలిసికొందము.

1. ఈ గ్యాసు ఎట్టిది?

దీనిలో ముఖ్యభాగము మీథేను. ఇది మనకు క్రొత్తది కాదు. 1776లో ఇటలీ దేశమున వోల్టా యను శాస్త్రజ్ఞుడు ఒక సరస్సు ఒడ్డున బురదను కఱ్ఱతో కలచి, పైకి లేచిన బుడగలను సీసాలలో పట్టి, ఆ వాయువు మండుట కనుగొనెను. నీరు నిలిచిన వరిమడిలో అడుగు వేసినప్పుడు లేచు బుడగలలో ఉండునదియు, గోబరుగ్యాసులో సగమునకు పైగా ఉండునదియు ఇదియే. దీనికి రంగు లేదు, వాసన లేదు, గాలికంటె తేలికయైనది. గాలిలో నూటికి 5 మొదలు 15 వంతులవఱకు కలిసియున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలినను ప్రేలును.

పట్టణములలో ఇండ్లకిచ్చు గ్యాసులో, కారినప్పుడు తెలియుటకై, దుర్వాసనగల మందును కలుపుదురు. దూరము పోవు పెద్ద గొట్టములలో చాలచోట్ల దానిని కలుపరు. కావున ముక్కునొక్కదానినే నమ్మియుండరాదు.

2. నగరము గ్రామము నేర్పిన పాఠము

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరము గ్రామమున గొట్టమునుండి వెలువడిన గ్యాసు ఇండ్లమీదను తోటలమీదను వ్యాపించి అంటుకొనెను. ఇరువదిమంది కంటె ఎక్కువమంది ప్రాణములు కోల్పోయిరి. కాపుమీదనున్న కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయెను. గ్యాసుతోపాటు నీరు పోవుటచే గొట్టము లోపలినుండి తినివేయబడినట్లు పిమ్మట తేలినది. పైన పచ్చగా కనబడు నేలక్రింద ఇనుము క్షీణించుట ఎవరికి తెలియును? గ్యాసు వెలువడుటకును, అది అంటుకొనుటకును నడుమనున్న కాలమే మనుష్యులను కాపాడుకొను కాలము. కారుట స్వల్పముగా ఉన్నప్పుడే పసిగట్టినయెడల ఆ కాలము పెరుగును. ఈ యంత్రము పుట్టినది అందులకే.

3. యంత్రమెట్లు పనిచేయును?

ఎఱ్ఱని గాజుపలకగుండ చూచిన పచ్చని ఆకు నల్లగా కనబడును. ఏలయన ఎఱ్ఱని గాజు పచ్చని వెలుగును మ్రింగివేయును. అట్లే మీథేను కూడ తనకు తగిన వెలుగును మ్రింగును. అట్టి వెలుగులలో ఒకటి మన కంటికి కానరానిది. దాని అల పొడవు మీటరులో పదిలక్షలవ వంతునకు ఇంచుమించు 1.65 రెట్లు. లేసరు అనునది ఒకే రంగు వెలుగును సన్నని ధారగా పంపు సాధనము.

యంత్రమీ వెలుగును పంపగా అది గోడకో నేలకో ఆకులకో తగిలి, అందులో కొంచెము తిరిగి వచ్చును. యంత్రము వెలుగు రంగును అతిస్వల్పముగా అటునిటు మార్చుచుండును: ఒకటి మీథేను మ్రింగునది, ప్రక్కది మ్రింగనిది. మొదటిది తక్కువగా తిరిగివచ్చినయెడల దారిలో మీథేను ఉన్నదని అర్థము. సాధారణమైన చేతియంత్రము 30 మీటర్ల దూరమువఱకు, కన్ను మూసి తెఱచునంతలో ఈ లెక్క తేల్చును. కాలువకు ఆవలిగట్టును, కుక్క కాపలాయున్న దొడ్డిని, తాళము వేసిన ఇంటి లోపలిభాగమును కిటికీ అద్దముగుండ, ఈవల నిలిచియే పరీక్షింపవచ్చును.

4. యంత్రము చేయలేనివి

మొదటిది: ఇది దారి పొడవునగల మీథేనునంతయు కలిపి చెప్పును. ఒక మీటరు మందమున చిక్కగా ఉన్నను, పది మీటర్ల మందమున పదవవంతు పలుచగా ఉన్నను ఒకే అంకె వచ్చును. కావున అంకె పెరిగినచోట దగ్గరకు పోయి వేఱు సాధనముతో నేలను పరీక్షింపవలెను.

రెండవది: వెలుగు తిరిగివచ్చుటకు ఎదుట ఏదైన ఉండవలెను. ఆకాశమునకు గురిపెట్టిన ఫలము లేదు. నిలుకడనీరు వెలుగును వేఱొక దిక్కునకు త్రిప్పివేయును.

మూడవది: మన వంటయింటి సిలిండరు గ్యాసు మీథేను కాదు గనుక ఇది దానిని గుర్తింపదు.

నాల్గవది: మీథేను ఉన్నదని చెప్పును గాని అది ఎవరిదో చెప్పదు. పెంటకుప్ప, గోబరుగ్యాసు తొట్టి, ఊబి నేల, ఇవియు అంకెను పెంచును.

5. రైతు చేయవలసినవి

ఇక్కడ రైతు తెలివి అవసరము. పెంటకుప్ప యెక్కడ, గోబరుగ్యాసు తొట్టి యెక్కడ అని పరీక్షకునికి మీరే చూపవలెను. అతనిని పొలములోనికి రానీయకుండుట మనకే నష్టము.

గొట్టము దారివెంట పైరు ఒకచోట గుండ్రముగా పసుపువాఱిన, దానిని పురుగనియో ఎరువులోపమనియో ఊరకుండరాదు. నేలలోనికి చేరిన గ్యాసు గాలిని త్రోసివేయగా వేళ్లకు ఊపిరియాడక పైరు పాలిపోవచ్చును. కలపకయే ఒకేచోట ఎడతెగక బుడగలు వచ్చుట, బుస్సుమను ధ్వని, దుమ్ము పైకెగయుట, ఇవియు సూచనలే.

అట్టిచోట బీడీ ముట్టింపరాదు; మోటారు మీట నొక్కరాదు; అక్కడనుండి ఫోను చేయరాదు. గాలి వచ్చు దిక్కునకు దూరముగా పోయి, గొట్టము గుర్తుస్తంభముపైనున్న నంబరునకు తెలుపవలెను. పొరుగువారిని లేపవలెను.

1962వ సంవత్సరపు గొట్టముల చట్టము ప్రకారము ఆ పట్టీలో వ్యవసాయము చేసికొనవచ్చును గాని ఇల్లు కట్టుట, బావి, చెరువు త్రవ్వుట, చెట్లు నాటుట కూడదు. ఈ హద్దు మన రక్షణకే.

యంత్రము మన పొలమునకు వచ్చునది ఏ కొన్ని దినములో. రైతు ప్రతి ఉదయము గట్టుమీద నడచును. చూచినది వెంటనే చెప్పు రైతును, చెప్పినది వెంటనే వినుకొను అధికారియు ఉన్నప్పుడే ఆ యంత్రము ఊరికి ఉపయోగపడును. సంఘ సమావేశమున ఈ పాఠమును చదివి వినిపించి, గొట్టము దారినున్న సభ్యులందఱు స్తంభముమీది నంబరును వ్రాసికొనునట్లు చూడవలెనని కార్యదర్శులను కోరుచున్నాను.