బగ్ పట్టేవాళ్లకు కొలువులున్నాయి

గజపతినగరం, బొండపల్లి, మెంటాడ నుంచి రోజూ విజయనగరం కాలేజీలకు బస్సెక్కే ఈసీఈ, సీఎస్‌ఈ పిల్లల్ని ఏం నేర్చుకుంటున్నారని అడిగి చూడండి. పైథాన్, జావా, ఫుల్‌స్టాక్ అంటారు. మంచిదే. నిన్న నడిచిన కోడ్ ఇవాళ ఎందుకు మొరాయించిందో తేల్చడం నేర్చుకుంటున్నామని చెప్పేవాళ్లు మాత్రం అరుదు. పరికరాల లోపల నడిచే కోడ్ రాసే ఫర్మ్‌వేర్ ఉద్యోగానికి కావలసింది ఆ పనే.

బ్యాంగిల్.జేఎస్ 2 అనే స్మార్ట్‌వాచీనే తీసుకోండి. దానికి జావాస్క్రిప్ట్‌లో మనమే యాప్ రాసి, క్రోమ్ బ్రౌజర్ నుంచి బ్లూటూత్ మీదుగా ఎక్కించవచ్చు. లోపల 64 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 కేబీ ర్యామ్, విడిగా 8 ఎంబీ ఫ్లాష్ ఉంటాయి. ర్యామ్ అంత ఇరుకు కాబట్టి, ఫ్లాష్‌లో దాచిన ఫంక్షన్ల కోడ్‌ను అక్కడి నుంచే చదువుకుంటూ నడుపుతుంది.

ఫ్లాష్‌కు ఒక గుణముంది. అందులో ఒక్క బైటును చెరపడం కుదరదు, పేజీ మొత్తం చెరపాలి. చాలా చిప్‌లలో పేజీ అంటే 4096 బైట్లు. పైగా ఎన్నిసార్లు చెరపవచ్చో దానికీ ఒక హద్దుంది. అందుకే మనం ఫైల్ తీసేసినా వాచీ దాన్ని చెత్తగా గుర్తుపెట్టి ఊరుకుంటుంది. కొత్త ఫైల్‌ను వేరేచోట రాస్తుంది. చోటు చాలనప్పుడు చెత్త ఊడ్చేసి, మిగతా ఫైళ్లను ముందుకు జరుపుతుంది. దీన్ని కాంపాక్ట్ చేయడం అంటారు. అసలు చిక్కు ఇక్కడే. అప్పటికే నడుస్తున్న ఫంక్షన్ పాత చిరునామానే చూస్తుంటుంది, అక్కడేమో ఇప్పుడు ఇంకో ఫైల్ ముక్క ఉంటుంది. దాంతో ఏ తప్పూ లేని లైన్‌లో సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. వాచీ రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఫైల్ కరప్ట్ అయిందని కుర్రాడు మళ్లీ ఎక్కిస్తాడు, బగ్ పోయిందనుకుంటాడు. ఆ ఫైల్‌కు ఏమీ కాలేదు.

ఊహలతో ఇది తేలదు. ఎర్రర్ రాగానే ఫైల్‌ను వాచీలోంచి తిరిగి చదివి, ఎక్కించిన దానితో చెక్‌సమ్ పోల్చాలి. రెండూ ఒకటే అయితే ఫైల్ మీద అనుమానం వదిలేయవచ్చు. తేడా ఉంటే ఎన్నో బైటు దగ్గర మొదలైందో చూడాలి. 4096 గుణిజం దగ్గరైతే పేజీ చెరిపే చోట వెతకాలి. వరసగా ఎఫ్‌ఎఫ్‌లే (చెరిపిన ఫ్లాష్ బైటు ఇలా ఉంటుంది) కనిపిస్తే, చెరిపాక రాయడం పూర్తి కాలేదని, మధ్యలో బ్యాటరీయో రీసెటో దెబ్బకొట్టిందని గట్టిగా అనుమానించాలి. ఖాళీ ర్యామ్ ఎంతుందో, అంతకుముందు ఏ ఫైల్ తీసేశారో కూడా రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి.

నాసా స్పిరిట్ రోవర్‌కు 2004 జనవరిలో, అంగారకుడి మీద, ఇలాంటి గండమే వచ్చింది. ఫ్లాష్‌లో ఫైళ్లు పెరిగిపోయి, వాటి జాబితా పట్టడానికి ర్యామ్ చాలక అరవైసార్లకు పైగా రీబూట్ అయింది. ఇంజినీర్లు ఫ్లాష్ జోలికి పోకుండా బూట్ అయ్యేలా ఆదేశం పంపి దాన్ని నిలబెట్టారు, తర్వాత ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు.

ఇదంతా సాధన చేయడానికి వాచీ కొనక్కర్లేదు. దాని ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే ఉంది. ఐదారు వందల రూపాయల ఈఎస్‌పీ32 బోర్డు ఉంటే ఇంకా మంచిది. నాసిరకం యూఎస్‌బీ కేబుల్‌తో వైఫై ఆన్ చేయండి. వోల్టేజీ పడిపోతే బ్రౌనౌట్ అని చెప్పి రీసెట్ అవుతుంది. అది ఫైల్ రాస్తుండగా జరిగితే ఏమవుతుందో చూసి తెలుసుకోవాల్సిందే.

సీ భాష, పాయింటర్లు, జీడీబీ, లాజిక్ ఎనలైజర్ వాడకం వచ్చినవాళ్లు ఫర్మ్‌వేర్, వాలిడేషన్, టెస్ట్ ఇంజినీర్ ఉద్యోగాలకు పోటీపడవచ్చు. హైదరాబాద్‌లో డిజైన్ కేంద్రం ఉన్న రెడ్‌పైన్ సిగ్నల్స్ వైర్‌లెస్ వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ కొన్నది. అలాంటి చిప్ కంపెనీలు అక్కడ ఇంకా ఉన్నాయి. మనకు దగ్గర్లో అయితే విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల సంస్థలున్నాయి. బీటెక్ అయినవాళ్లకు సీ-డాక్ ఎంబెడెడ్ సిస్టమ్స్ పీజీ డిప్లొమా మంచి దారి, ప్రవేశం సీ-క్యాట్ పరీక్షతో. పాలిటెక్నిక్ చదువుతున్నవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

మూడు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్లు ఎన్ని పోగేసినా, నా లెక్కలో ఒక్క మంచి బగ్ రిపోర్టుకు సాటిరావు. లక్షణం ఏమిటి, ఏం అనుమానించారు, ఆ అనుమానాలను ఎలా కొట్టిపారేశారు, కారణం ఎక్కడ దొరికింది అన్నది ఒక పేజీలో రాసి రెజ్యూమెకు జతచేయండి. తేలకపోయినా సరే, తేలినంతవరకే రాయండి.