పాత ట్యూబ్ ఆంప్లిఫయర్ వయస్సు తెలుసుకోవడం ఎలా?

మా చిన్నమ్మాయి గిటారు నేర్చుకొంటున్నది. రెండు వేసవి సెలవులలో పనిచేసి దాచుకొన్న డబ్బుతో పాత ఫెండర్ ఆంప్లిఫయర్ ఒకటి కొంటానని పట్టుపట్టింది. అమ్మే పెద్దమనిషి "ఇది 1964 నాటిది, ఇందులో ఒక్క భాగమైనా మార్చలేదు" అన్నాడు. పాత వస్తువుల బజారులో ఈ రెండు మాటలకు ఖరీదు చాలా ఎక్కువ. ఆ మాటలలో నిజమెంతో తేల్చే బాధ్యత, ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకోగలిగినవాడిని నేనొక్కడినే కావడంవల్ల, నామీద పడింది. ఆ పరిశీలనలో నేర్చుకొన్నదే ఈ వ్యాసం.

ముందుగా ట్యూబు సంగతి. మన చిన్నతనంలో రేడియో పెట్టగానే పాట వచ్చేది కాదు. లోపల వాల్వులు వేడెక్కేదాకా ఆగవలసి వచ్చేది. ఆ వాల్వునే అమెరికాలో ట్యూబు అంటారు. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో కాథోడు అనే లోహపు గొట్టాన్ని వేడిచేస్తే దాని నుండి ఎలక్ట్రాన్లు వెలువడుతాయి. ఎదురుగా అధిక ధన వోల్టేజిలో ఉన్న ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. 1906లో లీ డి ఫారెస్ట్ ఈ రెంటి నడుమ గ్రిడ్ అనే తీగను అమర్చాడు. కాలువకు తూము తలుపు ఎటువంటిదో ఎలక్ట్రాన్ల ప్రవాహానికి గ్రిడ్ అటువంటిది. తలుపును కొద్దిగా కదిపితే ప్రవాహం ఎంతో మారుతుంది. గిటారు తీగ కదలిక పుట్టించే అతి స్వల్పమైన విద్యుత్తు గ్రిడ్‌ను చేరి, చివరకు స్పీకరును కదిలించగల శక్తిగా మారుతుంది. ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత కూడా గిటారు వాయించేవారు ట్యూబును వదలకపోవడానికి కారణమున్నది. శక్తికి మించి పనిచేయించినప్పుడు ట్యూబు ధ్వనితరంగం కొనలను ఒక్కసారిగా తెగగొట్టక క్రమంగా గుండ్రం చేస్తుంది. ఆ దోషమే వారి చెవికి ఇంపు.

లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. ఆయన పేరిట వెలువడిన ఆంప్లిఫయర్లను పైరూపం చూసి స్థూలంగా విభజించవచ్చు. 1950లలోని వాటికి లేత పసుపు నూలుగుడ్డ తొడుగు ఉండేది. దానిని ట్వీడ్ అంటారు. 1960 ప్రాంతంలో గోధుమరంగు వినైల్ వచ్చింది. 1963 నుండి 1967 వరకు ముందుపలక నలుపు, ఆపైన వెండిరంగు. మా ముందున్నది డీలక్స్ రివర్బ్ అనే నమూనా. అది 1963లో మొదలైంది. నల్లపలక, 12 అంగుళాల స్పీకరు ఒకటి, శక్తి సుమారు 22 వాట్లు. కాబట్టి 1963-67 నడుమది కావాలి. అయితే పలకను మార్చడం అరగంట పని. వెండిపలక పెట్టెకు నల్లపలక బిగించి అమ్మడం కొత్త కాదు.

అందుచేత లోపలి సాక్ష్యాలు వెదకాలి. మొదటిది పెట్టె లోపలి గోడకు అతికించిన కాగితం. ఏ ట్యూబు ఎక్కడ ఉండాలో చెప్పే పట్టిక అది. దానిపై ముద్రించిన ఏబీ763 అనేది సర్క్యూటు పేరు. చివరి అంకెలు 1963 ఏడవ నెలను సూచిస్తాయి. ఇది సర్క్యూటు గీసిన కాలమే కాని పెట్టె తయారైన కాలం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. తయారీ తేదీ అదే కాగితంపై రబ్బరుముద్రతో వేసిన రెండు ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నది. మొదటి అక్షరం సంవత్సరం: 'ఏ' అంటే 1951, 'బీ' అంటే 1952, అలా 1967కు 'క్యూ' వరకు. రెండవది నెల: 'ఏ' జనవరి, 'ఎల్' డిసెంబరు. మా కాగితం మీద 'ఎన్‌హెచ్' అని ఉన్నది. 'ఎన్' పద్నాలుగవ అక్షరం కనుక 1964. 'హెచ్' ఎనిమిదవది కనుక ఆగస్టు.

అమ్మాయి ముఖం వెలిగింది. కాని ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పరాదు.

రెండవ సాక్ష్యం విడిభాగాలపై ఉండే అంకెలు. అమెరికా రేడియో పరిశ్రమవారు ఉమ్మడిగా ఏర్పరచుకొన్న పద్ధతి ప్రకారం మొదటి అంకెలు తయారీదారుని, తరువాతివి సంవత్సరాన్ని, చివరి రెండూ వారాన్ని తెలుపుతాయి. ఇది ఫెండర్‌కే పరిమితం కాదు. ఆ కాలపు గిబ్సన్, ఆంపెగ్ వంటి అమెరికన్ పెట్టెలకూ ఉపయోగిస్తుంది. 606 అంటే షూమాకర్ ట్రాన్స్‌ఫార్మర్లు, 220 జెన్సెన్ స్పీకర్లు, 465 ఆక్స్‌ఫర్డ్ స్పీకర్లు, 137 సీటీఎస్ పొటెన్షియోమీటర్లు. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద 606-425 అని ఉన్నది. షూమాకర్, నాలుగవ సంవత్సరం, 25వ వారం. ఏ దశకపు నాలుగు? 1954, 1964, 1974 మూడూ సాధ్యమే. తాతగారి జాతకంలో సంవత్సరం పేరు క్రోధి అని మాత్రమే ఉన్నట్లన్నమాట. 1964లోనూ క్రోధే, 2024లోనూ క్రోధే. ఏ క్రోధియో ఇతర ఆధారాలతో నిర్ణయించాలి. ఈ నమూనా 1954లో పుట్టనేలేదు, 1974లో పలకలు వెండిరంగువి. కనుక 1964 జూన్. ఆగస్టులో పెట్టెలోకి చేరడం సహజమే.

ఇక స్పీకరు. దాని అంచున 67-7308 అని ఉన్నది. 67 అంటే ఎమినెన్స్. 1973లో ఎనిమిదవ వారం. కెంటకీలోని ఆ కంపెనీ స్థాపించబడినదే 1966లో! అంటే పెట్టె అబద్ధమా?

ఇక్కడే సాక్ష్యాల బరువు తూచాలి. ఏ భాగాన్ని మార్చడం ఎంత తేలికో, తేదీ విషయంలో దాని మాటకు అంత తక్కువ విలువ. ట్యూబులు దీపపు బల్బుల వంటివి, చేత్తోనే మార్చవచ్చు. వాటిపై అంకెలు ఏమీ రుజువు చేయవు. స్పీకరు నాలుగు నట్లు, రెండు తీగల పని. అందులోను గట్టిగా వాయించేవారి చేతిలో స్పీకరు చినగడం మామూలే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటే అనేక తీగల టంకం విప్పాలి. కాగితాన్ని మార్చడానికి మోసం తప్ప వేరే కారణం ఉండదు. కాగితం, ట్రాన్స్‌ఫార్మర్ ఏకీభవిస్తున్నాయి. తరువాత మెకానిక్ విప్పి చూడగా పొటెన్షియోమీటర్ల మీద 137-6422, అంటే 1964 మే చివర, కనిపించింది. కాబట్టి పెట్టె 1964దే. స్పీకరు మాత్రం తరువాత వచ్చినది. అమ్మకందారు మొదటి మాట నిజం, రెండవది కాదు. ఆయనకు కూడా తెలియకపోవచ్చు. ధర తగ్గించాడు, అమ్మాయి కొన్నది.

1964, 1965లకు ఇంత తేడా దేనికని అడగవచ్చు. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీని సీబీఎస్ సంస్థ కోటీ ముప్పై లక్షల డాలర్లకు కొన్నది. అంతకుముందువి మేలైనవని సంగ్రాహకుల నమ్మకం. నా అభిప్రాయంలో ఇది చెవి కంటే పేరుకు చెల్లించే ధర. ఏబీ763 సర్క్యూటు 1965లోనూ అదే. పాత కంపెనీ పేరున్న పలకలు కూడా అమ్మకం తరువాత కొంతకాలం వాడారు. ఆ పేరు చూసి ఎక్కువ ధర పెట్టరాదు.

తేదీ కంటే ముఖ్యమైనది ప్రాణం. పైన చెప్పిన కాగితం, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు గుర్తులను పెట్టె వెనుకనుండి టార్చిలైటుతో, చిన్న అద్దంతో చదవవచ్చు. ప్లగ్గు తీసివేసి ఉంచాలి. పొటెన్షియోమీటర్ల కోసం ఛాసీ విప్పడం మాత్రం తెలిసినవారి పని. లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో అది నిలువ ఉండవచ్చు. అప్పటి పెట్టెలకు రెండు మేకుల ప్లగ్గే ఉండేది. మెయిన్స్ తీగ నుండి ఛాసీకి ఒక కెపాసిటర్ కలిపేవారు. అది చెడి షార్టయితే ఛాసీకి, దానినుండి గిటారు తీగలకు కరెంటు వస్తుంది. ఒక చేయి గిటారు మీద, పెదవి మైకు మీద ఉన్న పిల్ల గతి ఊహించండి. మూడు మేకుల ప్లగ్గు వేయించి, ఆ కెపాసిటర్‌ను తీయించి, ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మార్పించిన తరువాతనే మా ఇంట స్విచ్చి వేశాము. తీసిన భాగాలను పారవేయక సంచిలో కట్టి, ఏది ఎప్పుడు మార్చారో చీటీ వ్రాసి పెట్టె అడుగున ఉంచాము.

ఇటువంటి పెట్టెను ఇండియాకు తీసుకువెళ్ళదలచినవారు, అది అమెరికా 120 వోల్టులకు తయారైనదని మరువరాదు. అక్కడి 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే అరవై ఏళ్ళు నిలిచిన ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోగలదు. తగినంత వాట్లకు సరిపడే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, అదీ నిజమైన ఎర్తింగు ఉన్న సాకెట్టుతో, ముందే సమకూర్చుకోవాలి.