కరెంటు పోయినా వెలిగే బోర్డు

ప్రశ్న: కొండపల్లిలో మాది బొమ్మల దుకాణం. రోడ్డు పక్కన పెద్ద ఎల్‌ఈడీ బోర్డు పెట్టాం. సాయంత్రం కరెంటు పోతే నాలుగు గంటలైనా నడవాలి. ఏ బ్యాటరీ కొనమంటారు?

జవాబు: ముందు మీటరు పెట్టి, బోర్డు మీద మీ ప్రకటనలు నడుస్తుండగా అది సగటున ఎంత లాగుతోందో చూడండి. కంపెనీ కాగితం మీద ఉండేది తెరంతా తెల్లగా వెలిగినప్పటి లెక్క. 400 వాట్లనుకుంటే నాలుగు గంటలకు 1600 వాట్-అవర్లు. ఇన్వర్టర్ నష్టంతో దాదాపు 1900. ట్యూబులర్ లెడ్ బ్యాటరీలైతే 12 వోల్టుల 200 ఏహెచ్‌వి రెండు కావాలి, సగానికి మించి వాడకపోతేనే మన్నుతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 24 వోల్టుల 100 ఏహెచ్‌ది ఒక్కటి చాలు. నా ఓటు దీనికే, ధర ఎక్కువైనా.

అసలు శత్రువు మన ఎండ. 25 డిగ్రీలపైన ప్రతి 10 డిగ్రీలకు లెడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. బోర్డు వెనక ఇనుప పెట్టెలో మేలో ఏదైనా ఉడుకుతుంది! దుకాణం లోపల, గాలి ఆడేచోట, వాననీరు అందనంత ఎత్తున పెట్టండి. చీకటి పడ్డాక వెలుతురు తగ్గిస్తే బ్యాటరీ ఇంకాసేపు వస్తుంది, ఎదురొచ్చే లారీవాళ్ల కళ్లూ చెదరవు.